ఇనుప గేటుకు చెక్క పలకలు: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: మాది నాచారంలో పాత ఇల్లు. కారు లోపలికొచ్చే గేటు ఇనుప పైపులది, రెండు రెక్కలు. ఒక్కో రెక్క 6 అడుగుల వెడల్పు, 5 అడుగుల ఎత్తు. రేకు తీసేసి టేకు పలకలు అడ్డంగా బిగిద్దామనుకుంటున్నాం. జిగురు పెట్టి మేకులు కొడితే చాలని వడ్రంగి అంటున్నాడు. నేరుగా పైపుకే స్క్రూలు దింపేద్దామని వెల్డింగ్ షాపతను అంటున్నాడు. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకురాలు, నాచారం

జవాబు: ఈ ఒక్క విషయంలో ఇద్దరి మాటా పక్కన పెట్టండి. బిగించేశాక కూడా చెక్క కదులుతూనే ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటి గాలి పొడిబారితే పలక కుంచించుకుపోతుంది. జులై ముసురు పట్టగానే తేమ పీల్చుకుని ఉబ్బుతుంది. పొడవులో ఈ తేడా లెక్కలోకి రాదు, వెడల్పులోనే వస్తుంది. 6 అంగుళాల టేకు పలక ఎండాకాలానికీ వానాకాలానికీ మధ్య దాదాపు ఒకటిన్నర మిల్లీమీటర్లు మారుతుంది. టేకు బాగా నిలకడైన కర్ర కాబట్టి అంతటితో ఆగుతుంది. రెండు అంచులనూ ఇనుముకు బిగదీసి పట్టేస్తే ఆ కాస్త కదలికకూ చోటుండదు. పలక స్క్రూ దగ్గర చీలుతుంది, లేదా వంకర తిరుగుతుంది. జిగురు సంగతి సరేసరి. ఎండకు కాలిపోయే ఇనుము మీద అది ఎక్కువకాలం నిలవదు.

పలకలు కొనకముందే గేటు బరువు మోయగలదో లేదో చూడండి. 18 మిల్లీమీటర్ల టేకు మీ ఒక్కో రెక్కకు 30 కిలోలకు పైగా తూగుతుంది. రెక్క చివర పట్టుకుని పైకి ఎత్తి చూడండి. బందుల దగ్గర ఆట కనిపిస్తే, లేదా గేటు ఇప్పటికే నేలను గీరుతుంటే, ముందు బేరింగు బందులు మార్పించాలి. పిల్లరు నెర్రెలిచ్చి ఉంటే దాని పని తేలేదాకా చెక్క జోలికి వెళ్లొద్దు.

ఇక బిగింపు. ఫ్రేము లోపల 25 మిల్లీమీటర్ల వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందం ఉన్న ఫ్లాట్ పట్టీలు నిలువుగా వెల్డ్ చేయించండి. 4 అంగుళాలకు మించని పలకలు తీసుకుంటే మంచిది. ఒక్కో పలక పట్టీని దాటే చోట పట్టీకి రెండు రంధ్రాలు కావాలి. ఒకటి గుండ్రంగా, రెండోది పైకీ కిందికీ సాగినట్టు కోలగా ఉండాలి. గుండ్రటి రంధ్రం పలకను పట్టుకుంటుంది, కోలగా ఉన్నది కదలనిస్తుంది. స్క్రూలు వెనక నుంచి, వాషరు వేసి దింపాలి. అప్పుడు వీధి వైపు ఒక్క తల కూడా కనిపించదు, నీళ్లు దిగే దారీ ఉండదు. స్క్రూలు 304 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలువి తీసుకోండి. మామూలు ఇనుప మేకు తడిస్తే చెక్కలోని టానిన్‌తో కలిసి నల్లటి చారలు దిగుతాయి, అవి ఎంత రుద్దినా పోవు. కోల రంధ్రంలో స్క్రూని పూర్తిగా బిగించి, పావు చుట్టు వెనక్కి వదలమనండి. పలకకూ పలకకూ మధ్య 5, 6 మిల్లీమీటర్ల సందు, పలకకూ పట్టీకీ మధ్య సన్నటి రబ్బరు ముక్క ఉండాలి. సందులుంటే వానకు ముందొచ్చే ఈదురుగాలి కూడా కొంత దాటిపోతుంది, బందుల మీద దెబ్బ తగ్గుతుంది.

వెల్డింగు, రంధ్రాలు, ప్రైమరు, రంగు అన్నీ పూర్తయ్యాకే చెక్క ఎక్కాలి. ఈ క్రమం తప్పిస్తే వెల్డింగు మంట పలకను కాలుస్తుంది, పలక వెనక ఇనుము రంగు లేకుండా మిగిలిపోతుంది. పలకలకు నూనె గానీ పాలిష్ గానీ ముందువైపే పూస్తుంటారు. అలా వదిలేయొద్దు. వెనకవైపుకూ, అంచులకూ, ముఖ్యంగా కోసిన రెండు చివరలకూ పూయించండి. ఆ చివర మీద నీటి చుక్క వేసి చూడండి, నున్నటి ముఖం మీద నిలిచే చుక్క ఇక్కడ లోపలికి ఇంకిపోతుంది. చివరలకు రెండు మూడు పూతలు పడాలి.

ప్రశ్న: మా గేటు పడమటి ఎండకు ఉంది. టేకు కంటే డబ్ల్యూపీసీ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసే పలక) నయమంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: చెదలు, కుళ్లు విషయంలో నిజమే. కానీ ఎండకు అది పొడవులో సాగుతుంది. 6 అడుగుల ముక్క రెండు మూడు మిల్లీమీటర్లు పెరగొచ్చు కాబట్టి చివరల్లో సందు వదలాలి. పైగా బరువెక్కువ. పడమటి ఎండకైతే 6 మిల్లీమీటర్ల ఎక్స్‌టీరియర్ గ్రేడ్ హెచ్‌పీఎల్ (హై ప్రెషర్ లామినేట్) షీటునే నేను సూచిస్తాను. చదరపు మీటరుకు ఎనిమిదిన్నర కిలోలే. ఇంట్లో అల్మారాలకు అంటించే మామూలు లామినేట్ మాత్రం బయట వాడొద్దు.

ప్రశ్న: గేటు కింది పలక రెండేళ్లకే కుళ్లిపోయింది. మళ్లీ అదే చెక్క వేయించాలా?
– ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: చెక్క తప్పు కాకపోవచ్చు. మన కాలనీల్లో పాత రోడ్డు మీదే కొత్త రోడ్డు పోస్తూ పోవడంతో వీధి ఎత్తవుతుంది, గేటు ముందు నీళ్లు నిలుస్తాయి. చినుకు నేలకు కొట్టి ఎగిరే బురద నీళ్లు కింది పలకకే తగులుతాయి. కింది 4 అంగుళాలు ఇనుమే ఉంచి, చెక్క దాని పైనుంచి మొదలుపెట్టించండి. కింది పైపుకు అడుగున 6 మిల్లీమీటర్ల రంధ్రం వేయిస్తే లోపల చేరిన నీరు కారిపోతుంది. లేకపోతే పైపు లోపలి నుంచే తుప్పు పడుతుంది, పైకి కనబడదు.

ప్రశ్న: మాది మోటారుతో జరిగే గేటు. చెక్క ఎక్కించవచ్చా?
– ఒక పాఠకురాలు, నాచారం

జవాబు: మోటారు మీద ఎన్ని కిలోలు లాగగలదో రాసి ఉంటుంది. చెక్కతో కలిపిన బరువు దానికి బాగా లోపలే ఉండాలి. అంతకంటే ముఖ్యం, పట్టా చివర స్టాపర్లు, పైన గైడు రోలర్లు గట్టిగా ఉన్నాయా అని చూడండి. జరిగే గేట్లు పట్టా తప్పి మీద పడి పిల్లలు చనిపోయిన వార్తలు చదువుతూనే ఉన్నాం. బరువు పెంచుతున్నారంటే ఆ ప్రమాదాన్నీ పెంచుతున్నట్టే. స్టాపరు వెల్డింగు కొత్తగా వేయించి, మోటారు విడదీసి, గేటును చేత్తో రెండు కొసలకూ నెట్టి చూశాకే పలకలు బిగించమనండి. ఆ పని జరుగుతున్నంతసేపూ పిల్లల్ని ఆ చుట్టుపక్కలకు రానివ్వకండి.