ఏఐ టూల్స్‌కి కాపలా గేటు... కట్టడం నేర్చుకుంటే కొలువు

2025 జనవరి చివర్లో కేంద్ర ఆర్థిక శాఖ తన ఉద్యోగులకు ఒక సూచన పంపింది. ఆఫీసు కంప్యూటర్లలో చాట్‌జీపీటీ, డీప్‌సీక్ లాంటి ఏఐ టూల్స్ వాడొద్దని, ప్రభుత్వ సమాచారం బయటికి పొక్కే ప్రమాదముందని దాని సారాంశం. 2023లో శాంసంగ్ కూడా ఇదే పని చేసింది. తమ వాళ్లు సోర్స్ కోడ్‌ను చాట్‌జీపీటీలో పేస్ట్ చేశారని తేలాక కట్టడి పెట్టింది. దానికి తోడు మన దేశంలో 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. డేటా భద్రత గాలికొదిలేస్తే జరిమానా రూ.250 కోట్ల దాకా ఉండొచ్చు.

అలాగని ఏఐని పూర్తిగా దూరం పెడితే కంపెనీలకు పని సాగదు. అందుకే ఉద్యోగుల కంప్యూటర్లకీ ఏఐ సర్వర్లకీ మధ్యలో ఒక ప్రాక్సీ సర్వర్ పెట్టి, రాకపోకలన్నీ దాని మీదుగా నడిపే పద్ధతి వచ్చింది. దాన్ని అమర్చి, చెడితే బాగుచేయగలవాళ్లు కావాలి.

ఢిల్లీలో సాకేత్ మెట్రో దగ్గర సైదులాజాబ్ పీజీల్లో ఉంటూ ఉద్యోగం వెతుక్కునేవారికి ఇది అందుబాటులో ఉన్న విద్యే. యెల్లో లైన్ ఎక్కితే నేరుగా గురుగ్రామ్, హౌజ్‌ఖాస్‌లో మెజెంటా లైన్‌కి మారితే నోయిడా. రెండు చోట్లా ఐటీ ఆఫీసులకు కొదవలేదు.

అసలు పని ఏమిటి?

క్లాడ్ కోడ్, కోడెక్స్ సీఎల్ఐ, జెమినీ సీఎల్ఐ... ఈ మూడు ఏఐ కోడింగ్ టూల్సూ 2025లో జనంలోకి వచ్చాయి. టెర్మినల్‌లో నడుస్తూ ప్రాజెక్టు ఫైళ్లు చదివి, కోడ్ మారుస్తాయి. మామూలుగా తమను తయారుచేసిన కంపెనీ సర్వర్‌తో నేరుగా మాట్లాడతాయి. బేస్ యూఆర్ఎల్ సెట్టింగ్ మార్చే వీలున్న టూల్‌ను ప్రాక్సీ వైపు తిప్పొచ్చు. అసలు ఏపీఐ కీ ప్రాక్సీ దగ్గరే ఉంటుంది. డెవలపర్లకు వర్చువల్ కీలు ఇచ్చి, ఒక్కొక్కరికీ బడ్జెట్ పరిమితి పెట్టొచ్చు. ఎవరు ఎంత వాడారో లాగ్‌లో కనబడుతుంది. లైట్ఎల్ఎల్ఎం అనే ఓపెన్ సోర్స్ ప్రాక్సీ ఇవన్నీ చేస్తుంది.

గదిలోనే ప్రాక్టీస్

ఇందుకు ఖరీదైన మెషీన్ అక్కర్లేదు. లాప్‌టాప్‌లోనే ఏఐ మోడల్ నడిపే ఒల్లామా వేసుకుని, సుమారు 1 జీబీ ఉండే చిన్న క్వెన్ కోడర్ మోడల్ దించుకోవచ్చు. ఒల్లామా 11434 పోర్టులో వింటుంది. దాని ముందు లైట్ఎల్ఎల్ఎం నిలబెడితే అది 4000లో వింటుంది. ముందు కర్ల్ కమాండ్‌తో ఒక ప్రశ్న పంపి జవాబు వస్తోందో లేదో చూసుకుని, ఆ తర్వాతే సీఎల్ఐ టూల్‌ని కలపాలి. చిన్న మోడల్ గొప్ప కోడ్ రాయదు. అయినా దారి కలపడం నేర్చుకోవడానికి అది చాలు.

ఇక్కడే ఒక జాగ్రత్త. లైట్ఎల్ఎల్ఎం మామూలుగా 0.0.0.0 మీద తెరుచుకుంటుంది. అంటే పీజీలో అదే వైఫై వాడే పక్క గదివాళ్లు కూడా దాన్ని అందుకోగలిగే అవకాశం ఉంటుంది. హోస్ట్‌ని 127.0.0.1గా మారిస్తే ఆ లాప్‌టాప్‌కే పరిమితమవుతుంది.

ఎర్రర్ చదవడమే నైపుణ్యం

‘కనెక్షన్ రిఫ్యూజ్డ్’ అని వస్తే ఆ పోర్టులో సర్వర్ నడవట్లేదన్నమాట. 401 వస్తే కీ చూసుకోవాలి. 429 వస్తే పరిమితి దాటినట్టు. అందరినీ తిప్పలు పెట్టేది 404. ఓపెన్ఏఐ పద్ధతి టూల్స్‌కి చాలావరకు చిరునామా చివర ‘/వీ1’ ఉండాలి. క్లాడ్ కోడ్ మాత్రం దాన్ని తనే తగిలించుకుంటుంది. మనం కూడా రాస్తే ‘వీ1’ రెండుసార్లు పడి దారి తప్పుతుంది. ప్రాక్సీ లాగ్ తెరిస్తే ఆ రెండో ‘వీ1’ కళ్లెదుటే కనబడుతుంది.

రెజ్యూమెలో ఎలా రాయాలి?

‘ఏఐ టూల్స్ తెలుసు’ అన్న ఒక్క ముక్కతో రిక్రూటర్‌కు అర్థమయ్యేది తక్కువ. ‘ముగ్గురు యూజర్లకు వర్చువల్ కీలు, బడ్జెట్ పరిమితులతో ప్రాక్సీ నడిపాను’ అని రాస్తే అడగడానికి ప్రశ్నలు దొరుకుతాయి. వర్చువల్ కీలకు పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ కావాలి, దాన్ని డాకర్‌లో నడిపితే డాకర్ కూడా చేతికొస్తుంది. లినక్స్, హెచ్‌టీటీపీ పునాదులు బలహీనంగా ఉంటే ఎన్‌పీటెల్‌లో నెట్‌వర్క్స్ పాఠాలు ఉచితంగా వినొచ్చు.

గిట్‌హబ్‌లో పెట్టేటప్పుడు కీలు తీసేసిన కాన్ఫిగ్ ఫైల్, ఎదురైన ఎర్రర్లు, వాటిని సరిచేసిన తీరు రీడ్‌మీలో ఉంచాలి. జాబ్ పోర్టల్స్‌లో ప్లాట్‌ఫామ్ ఇంజినీర్, డెవాప్స్, ఎల్ఎల్ఎం ఆప్స్ పేర్లతో వెతికి, ఆ లింక్‌ని దరఖాస్తు పైభాగంలోనే ఇవ్వాలి.