యుద్ధానికి సాగనంపే వేళ

పల్నాడులో కారెంపూడి అనే ఊరు ఉంది. ఊరి పక్కనే నాగులేరు పారుతుంది. సుమారు 800 ఏళ్ల కిందట అక్కడ పెద్ద యుద్ధం జరిగింది. అది దాయాదుల పోరు. ఆ వీరులను తలుచుకుని ఏటా కార్తీక మాసంలో అక్కడ ఉత్సవాలు చేస్తారు. వీరవిద్యావంతులు అనే గాయకులు ఆ కథ పాడతారు. శ్రీనాథ కవి రాశాడని చెప్పే 'పల్నాటి వీరచరిత్ర'లోనూ ఈ కథే ఉంది.

ఆ కథలో బాలచంద్రుడు చిన్నవాడు. బ్రహ్మనాయుడి కొడుకు. యుద్ధం సంగతి తెలిస్తే వెళ్లిపోతాడని తల్లి ఐతాంబ ఆ మాటే అతని చెవిన పడనివ్వలేదు. ఒకరోజు బొంగరాలాడుతుంటే అతని బొంగరం ఎగిరి ఒకామె కాలికి తగిలింది. ఆమెకు మండింది. నీ ప్రతాపం ఇక్కడ కాదు, కారెంపూడిలో చూపించమంది. అట్లా గుట్టు బయటపడింది.

ఐతాంబ ఏడ్చింది. వద్దంది. లేక లేక కన్నానంది. కొడుకు వినలేదు. చివరికి నీ పెళ్లాం మంచాలతో ఒక మాట చెప్పి వెళ్లమంది. పెళ్లయిన నాటి నుంచీ అతను మంచాల గడప తొక్కలేదు. వేరే ఆమె ఇంట్లోనే ఉండేవాడు. ఇన్నాళ్లకు మొగుడు వచ్చాడని మంచాల సంబరపడింది. తీరా చూస్తే అతను యుద్ధానికి పోతూ వచ్చాడు! అయినా ఆమె ఆపలేదు. సాగనంపింది. బాలచంద్రుడు మళ్లీ ఇంటికి రాలేదు.

నాటకాలవాళ్లు ఈ ఘట్టాన్ని వదలరు. ఎందుకంటే స్టేజీ మీద ఏనుగులను, గుర్రాలను, వేల మంది సైన్యాన్ని చూపించలేరు. ఇంటి గడపను చూపించగలరు. తల్లి దీవిస్తుంది. భార్య వీరతిలకం దిద్దుతుంది. హీరో రాగం తీసి పద్యం పాడతాడు. జనం చప్పట్లు కొడతారు. తిలకం దిద్దిన చెయ్యి వణికిందా లేదా అని అడిగే నాటకం మాత్రం అరుదు.

వెళ్లినవాడికి చప్పట్లు సరే. మరి వెనక్కి వచ్చినవాడికి?

13వ శతాబ్దంలో నెల్లూరు రాజు మనుమసిద్ధి దగ్గర ఖడ్గ తిక్కన అనే సేనాపతి ఉండేవాడు. పశువులు మేపినందుకు కట్టే పుల్లరి దగ్గర కాటమరాజుతో గొడవ వచ్చింది. అది యుద్ధం దాకా పోయింది. తన వాళ్లు చాలామంది చనిపోయాక తిక్కన ఇంటికి తిరిగి వచ్చాడు. చాటు పద్యాలు చెప్పే కథ ఇది: స్నానం దగ్గర భార్య చానమ్మ ఆడవాళ్లకు పెట్టినట్టు మంచం అడ్డుపెట్టి, పసుపు ముద్ద ఉంచింది. అన్నంలోకి తల్లి విరిగిన పాలు పోసింది. నువ్వు విరిగి వచ్చావు, పాలూ విరిగాయి అని దెప్పింది. అతను మళ్లీ వెళ్లి చనిపోయాడు. ఆడతనాన్నే అవమానంగా వాడుకున్న కథ ఇది. అదీ ఆడవాళ్ల చేతనే.

ఈ ఖడ్గ తిక్కన, భారతం రాసిన తిక్కన కవి అన్నదమ్ముల పిల్లలు. కవి తిక్కన విరాటపర్వంలో ఉత్తరుడనే కుర్రవాడు ఉన్నాడు. ఆవులను తోలుకుపోయిన కౌరవులను గెలుస్తానని ఆడవాళ్ల ముందు గొప్పలు చెప్పాడు. బొమ్మలకు కట్టడానికి మంచి మంచి బట్టలు తెమ్మని చెల్లెలు అడిగింది. తీరా కౌరవ సేనను చూసి అతనికి ఒళ్లు వణికింది. రథం దూకి పరుగెత్తాడు. బృహన్నల వేషంలో ఉన్న అర్జునుడు వెంటపడి పట్టుకున్నాడు. ధైర్యం చెప్పాడు. నువ్వు రథం తోలు, యుద్ధం నేను చేస్తానన్నాడు.

నాటకాలలో ఉత్తరుడంటే నవ్వులాట. కానీ భయపడ్డ మనిషికి పసుపు ముద్ద కాకుండా పగ్గాలు దొరికిన కథ ఇదొక్కటే కాబోలు. ఆ ఉత్తరుడే తర్వాత కురుక్షేత్రంలో మొదటి రోజే ప్రాణాలు విడిచాడు. ఆ సంగతి ఎవరూ పెద్దగా తలుచుకోరు.

అందరూ కూర్చుని మాట్లాడుకోండి: ఐతాంబ యుద్ధం సంగతి కొడుకుకు చెప్పకుండా దాచింది. అది తప్పా? సాగనంపేటప్పుడు మంచాల మనసులో ఏముందో మీ నోటుబుక్కులో నాలుగు మాటలు రాయండి.