భావప్రజ్ఞా బోధనము - విరాటసభా ఘట్టము

తన మనస్సులోని భావమును గుర్తించుట, ఎదుటివాని భావమును గ్రహించుట, ఆ యెరుకతో నడతను దిద్దుకొనుట - ఈ మూటిని కలిపి పీటర్ సాలొవే, జాన్ మేయర్ అను అమెరికా మనస్తత్త్వవేత్తలు 1990లో ఒక ప్రత్యేక ప్రజ్ఞగా నిరూపించిరి. 1995లో వెలువడిన డేనియల్ గోల్‌మన్ గ్రంథముతో ఈ భావన విశేషముగా ప్రచారము నొందినది. మన దేశమున ఢిల్లీ ప్రభుత్వ పాఠశాలలలో 2018లో హ్యాపీనెస్ కరికులమ్ అను పేర ఇట్టి బోధనము ఎనిమిదవ తరగతి వరకు ప్రవేశపెట్టబడినది. తెలుగున దీనిని భావోద్వేగ ప్రజ్ఞ యనుచున్నారు. ఉద్వేగ మనగానే కలత స్ఫురించును గావున, ఇచట భావప్రజ్ఞ యను మాటయే వాడబడుచున్నది.

ఈ బోధనమున కొక ప్రమాదము కలదు. తరగతిలో అది సులభముగా 'కోపము నణచుకొనుము' అను ఆజ్ఞగా మారిపోవును. అణచుకొనవలసినవాడు ఎవడు, అతనికి జరిగిన అన్యాయ మెట్టిది అను విచారణ లేనిచో, భావప్రజ్ఞ పేరున బాలురకు నేర్పునది మౌనమే యగును. ఈ రెంటికి గల భేదమును చూపుటకు తిక్కన విరాటపర్వములోని సభాఘట్టమును మించిన పాఠ్యభాగము తెలుగున అరుదు.

కీచకునిచే తరుమబడి సైరంధ్రి విరాటుని కొలువులోనికి పరుగెత్తి వచ్చును. అందరు చూచుచుండగనే కీచకు డామెను పరాభవించును. వంటవాని వేషమున నున్న భీముడు దాపున నున్న చెట్టువైపు చూచును. ఆ చూపునకు అర్థమేమో సభలో ధర్మరాజొక్కడే యెరుగును. అజ్ఞాతవాసము బయల్పడినచో మరల పండ్రెండేండ్లు అడవులపాలు కావలెను. కంకుభట్టు వేషముననున్న ధర్మరాజు, వలలుడు వంటకట్టెలకై చెట్టును చూచుచున్నాడని పైకి నమ్మించుచు, ఆశ్రితులకు నీడనిచ్చు ఈ వృక్షమును నరుకనేల, చెట్లు వేరొకచోట లేవా యని పలుకును. చెట్టు విరాటుడు, నీడను పొందువారు పాండవులు. భీముడు నిగ్రహించుకొనును.

అలంకారశాస్త్ర పరిభాషలో భీముని చూపు అనుభావము. రసలక్షణమును వల్లించి పరీక్షలో వ్రాయు విద్యార్థి కూడ ఆ చూపును చూడకయే పోవచ్చును. ఉపాధ్యాయుడు అడుగవలసిన ప్రశ్నలు సామాన్యమైనవి: భీముని కోపము ధర్మరాజునకు ఎట్లు తెలిసినది? కోపింపకు మని సూటిగా ననక చెట్టు మాట యేల తెచ్చెను? ధర్మరాజునకు కోపము రాలేదా? ఈ మూడవ ప్రశ్న వద్ద తరగతి చీలును, చీలనిచ్చుటయే మేలు.

అయితే పాఠమును ఆ పద్యముతో ముగించినచో సగమే చెప్పినట్లు. విరాటుడు కీచకుని దండింపడు. పైగా ధర్మరాజు, సభలో నటివలె నిలుచుట తగదని ద్రౌపదినే మందలించును. ఆమె తన పతియే నటుడని బదులు చెప్పును. నిగ్రహ మిచట నీతిమంతమే. కాని దాని వెల నంతయు చెల్లించినది ఆమె. ఆ రాత్రి ఆమె వంటయింటికి పోయి నిద్రించుచున్న భీముని లేపి తన దుఃఖము నంతయు చెప్పుకొనును. వినగలవాని నెన్నుకొని, వేళ నెరిగి, పరాభవమును పేరు పెట్టి చెప్పుటయు భావప్రజ్ఞయే. నర్తనశాలలో కీచకవధ ఆ సంభాషణము నుండియే పుట్టినది.

కావ్యపాత్రను గూర్చి మాటలాడుటలో బాలున కొక చాటు లభించును. నీ యింట నిన్నెవరు అవమానించిరని పదిమందిలో అడుగుట క్రూరము. సైరంధ్రి ఎవరితో చెప్పుకొనెనని అడుగుట కాదు. ఇట్టి పాఠమునకు మార్కులు వేయుటయు తగదు. మార్కులకై చూపిన సానుభూతి నటనమే యగును.

పాఠాంతమున విద్యార్థులచే ఒక్క పేరు వ్రాయించవచ్చును: తనకు అట్టి రాత్రి వచ్చినచో ఎవరి వద్దకు పోవుదురో ఆ పేరు. కాగితమును మడిచి ఉపాధ్యాయునకే ఈయవలెను. తెల్లకాగితము నిచ్చిన బాలునితో ఆతడు పిదప విడిగా మాటలాడవలసియుండును.