పత్తి దుమ్ము, ముక్కు దిబ్బడ, చైనా మూలికలు

ఆదోనిలో మందుల అంగడి నడుపుతూనే ముసలివాణ్ణయ్యాను. దసరా దాటి మార్కెట్ యార్డుకు పత్తి రాక మొదలైతే నా అంగడి ముందు తుమ్ములూ మొదలయ్యేవి. హమాలీలు, జిన్నింగ్ మిల్లుల ఆడకూలీలు, ఎమ్మిగనూరు మగ్గం పనివాళ్లు, అందరిదీ ఒకటే మాట: "ముక్కు మూసకపోయిందప్పా, ఏమన్నా ఇయ్యి." ఇప్పుడు వాళ్ల పిల్లలు ఫోన్లలో చూసి చైనా మూలికల మాత్రలు తెప్పించుకుంటున్నారు. మింగే ముందు వాళ్లు ఈ ఎనిమిది మాటలూ వినాలని నా కోరిక.

1. మందు కన్నా ముందు కారణం వెతకండి.

జలుబు వారం పది రోజుల్లో తగ్గిపోతుంది. వరస తుమ్ములు, కళ్ల దురద, నీళ్లలా కారే ముక్కు వారాల తరబడి వదలకుంటే అలర్జీ అనుకోవాలి. మన దగ్గర దానికి కారణాలు చాలానే ఉన్నాయి. పత్తితో పాటు లేచే ఎండుటాకుల పొడి, బూజు ఉన్నాయి. చేలగట్ల మీది వయ్యారిభామ, సర్కారు తుమ్మల పుప్పొడి ఉంది. పాత పరుపుల్లో కంటికి కనబడని పురుగులున్నాయి. ఏ చోట, ఏ వేళ తుమ్ములు ఎక్కువవుతున్నాయో కొన్నాళ్లు గమనించి రాసుకోండి. ఆ కాగితం డాక్టరుకు చాలా పనికొస్తుంది.

2. ఛాతీ పట్టేస్తే ముక్కు మందుతో సరిపెట్టుకోకండి.

వారపు సెలవు తర్వాత పనిలోకి వెళ్లిన మొదటి రోజే ఛాతీ బిగుసుకుపోయి, ఆయాసం వస్తే అది బిసినోసిస్ కావచ్చు. పత్తి దుమ్ము ఊపిరితిత్తులకు తెచ్చే జబ్బు అది. మొదట్లో తగ్గినట్టే ఉంటుంది. దుమ్ములోనే ఏళ్లు గడిస్తే మాత్రం ఊపిరి శాశ్వతంగా తగ్గిపోతుంది. ఆవిరి, కషాయం అంటూ కాలం గడపకుండా ఊపిరితిత్తుల డాక్టరును కలవండి.

3. చైనా మూలికల్లో బలముంది, ఆ బలంతోనే ప్రమాదమూ ఉంది.

మా హువాంగ్ అనే పొదను చైనా వైద్యులు ఉబ్బసానికీ, జలుబుకూ వందల ఏళ్లుగా వాడారు. జపాన్ శాస్త్రవేత్త నాగై నాగయోషి 1885లో దాన్నుంచి ఎఫిడ్రిన్‌ను వేరుచేశాడు. 1920లలో పెకింగ్‌లో కె.కె. చెన్, కార్ల్ ష్మిట్ జరిపిన పరిశోధనలతో అది ప్రపంచమంతా తెలిసిన మందయింది. అదే ఎఫిడ్రిన్ రక్తపోటును పెంచుతుంది, గుండెను పరిగెత్తిస్తుంది. ఆ పొదతో చేసిన ఆహార గుళికలను అమెరికా 2004లో నిషేధించింది. బీపీ, గుండెజబ్బు, థైరాయిడ్ ఉన్నవాళ్లు ఆ పేరు కనబడితే ముట్టకండి.

4. మన గట్టు మీద ఉంది కదా అని కోసుకోకండి.

ముక్కు దిబ్బడకు చైనాలో పేరుపడ్డ చూర్ణంలో నాలుగు సరుకులుంటాయి. మాగ్నోలియా మొగ్గలు, ఏంజెలికా వేరు, పుదీనా జాతి ఆకు, నాలుగోది ముళ్లకాయ. ఆ ముళ్లకాయ మన మరులమాతంగి జాతిదే. గొర్రెల బొచ్చుకూ, పంచె అంచుకూ అంటుకునేది అదే. చైనాలో దాన్ని ముళ్లు తీసి, వేయించి, కొలత ప్రకారం వాడతారు. పచ్చి గింజల్లో, లేత మొలకల్లో కాలేయాన్ని చంపే విషముంది. 2007లో బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ ప్రాంతంలో వరదల తర్వాత ఆ మొలకలను కూర వండుకు తిన్నవాళ్లలో పలువురు చనిపోయారు. పశువులకూ అది విషమే. వీడియో చూసి ఇంట్లో వేయించుకునే సరుకు కాదది.

5. గాడిదగడపాకును లోపలికి తీసుకోకండి.

మన నల్లరేగడిలో పెరిగే ఆ తీగలోనూ, దాని చైనా జాతుల్లోనూ అరిస్టోలోకిక్ ఆమ్లం ఉంటుంది. అది మూత్రపిండాలను పాడుచేస్తుంది, కేన్సర్ తెస్తుంది. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గే మాత్రల్లో ఒక చైనా మూలికకు బదులు ఆ జాతి వేరు కలిసి, వాడిన ఆడవాళ్లెందరివో మూత్రపిండాలు చెడిపోయాయి. ముక్కు మందుల్లో వేసే షీ షిన్ వేరు కూడా అదే కుటుంబానిది.

6. డబ్బా మీద ప్రతి అక్షరం చదివించుకోండి.

చైనాలో అమ్మే కొన్ని ముక్కు మాత్రల్లో మూలికలతో పాటు క్లోర్‌ఫెనిరమిన్ కూడా కలుపుతారు. మన అంగళ్లలో దొరికే జలుబు మాత్రల్లోనూ ఉండే మందే అది. ముక్కు కారడం ఆగుతుంది కానీ కళ్లు మూతలు పడతాయి. జిన్ను రోలర్ల దగ్గర చెయ్యి పెట్టేవాళ్లకూ, లారీ నడిపేవాళ్లకూ ఆ మగత ప్రాణాంతకం. డబ్బా మీది రాత మీకు అర్థం కాకపోతే ఆ మాత్ర మింగకండి.

7. ఇంటి వైద్యానికి ఓ హద్దు ఉంది, ఆ హద్దులో అది మంచిదే.

మన కర్నూలు జిల్లాలో వాము బాగా పండుతుంది. దాని ఘాటు థైమాల్‌ది. గుడ్డలో నలిపి వాసన చూస్తే హాయిగా ఉంటుంది. అలర్జీ మాత్రం దాంతో పోదు. ఆవిరి పట్టిస్తామని మరిగే నీళ్ల గిన్నె దగ్గర చిన్నపిల్లలను కూర్చోబెట్టకండి, ఒళ్లు కాలుతుంది. అన్నిటికన్నా నాకు నమ్మకమైనది ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడం. పావు లీటరు నీళ్లకు అర టీస్పూను అయోడిన్ లేని ఉప్పు చాలు. నీళ్లు మరిగించి చల్లార్చినవే అయ్యుండాలి. 2011లో అమెరికాలోని లూసియానాలో కుళాయి నీళ్లతో ముక్కు కడుక్కున్న ఇద్దరికి అమీబా మెదడుకెక్కి ప్రాణం పోయింది. ఇక మందుల షాపు చుక్కలంటారా, మూడు నుంచి ఐదు రోజులు మించితే అవే మళ్లీ దిబ్బడ తెస్తాయి. డాక్టరు రాసిన స్టెరాయిడ్ స్ప్రేను మాత్రం రోజూ వాడాలి. అది పనిచేయడానికి కొన్ని రోజులు పడుతుంది, రెండో రోజే వదిలేయకండి.

8. దుమ్మును ఆపమని అందరూ కలిసి అడగండి.

మూతికి కట్టుకున్న తువాలు సన్నని దుమ్మును ఆపదు. ముఖానికి సరిగ్గా అతుక్కునే ఎన్95 మాస్కు మేలు. దుమ్మును పుట్టినచోటే లాగేసే యంత్రాలుంటే ఇంకా మేలు. 1948 ఫ్యాక్టరీల చట్టం 14వ సెక్షన్ ఆ ఏర్పాటును యజమాని బాధ్యతగా పెట్టింది. బిసినోసిస్ అధికారులకు తెలపాల్సిన జబ్బుల జాబితాలో ఉంది, అది వస్తే పరిహారం అడిగే హక్కూ ఉంది. కూలీ ఒక్కడే పోయి అడిగితే రేపటి పని పోతుందని భయం, ఆ భయం నిజమైనదే. అందుకే ఒక్కరుగా పోవద్దు. ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప చేనేతవాళ్లను సహకార సంఘంగా కూడగట్టారు. మన పడమటి కర్నూలులో పనివాళ్లు ఒక్కటైతే ఏం సాధించగలరో ఆ సంఘం చూపించింది. చైనా మాత్ర అయినా, మన కషాయమైనా మూసుకున్న ముక్కును ఒక పూట తెరుస్తుంది. మిల్లులో గాలి శుభ్రపడితే తర్వాతి తరానికి ఆ మాత్ర అవసరమే తగ్గుతుంది. దానికోసం ఈ సీజనులోనే నోరు తెరవండి.