డిస్కు చవకే, మరి మిగతావి?

ప్రశ్న: మా అబ్బాయి పీఎస్5కి సెకండ్‌హ్యాండ్ డిస్కులు చవకగా దొరుకుతున్నాయి. కొనొచ్చా?

జవాబు: కొనొచ్చండి. ముందు మీ కన్సోల్‌కు డిస్కు పెట్టే చోటుందో లేదో చూడండి. డిజిటల్ ఎడిషన్‌కు ఉండదు. 2023లో వచ్చిన స్లిమ్ మోడలైతే డ్రైవ్ విడిగా కొని తగిలించుకోవచ్చు, అదో ఖర్చు.

డిస్కుంటే డౌన్‌లోడ్ అక్కర్లేదని చాలామంది అనుకుంటారు. పీఎస్5లో గేమ్ మొత్తం లోపలి ఎస్‌ఎస్‌డీలోకి ఎక్కాల్సిందే. ఆ తర్వాత డిస్కు తాళంచెవి లాంటిది, ఆడినప్పుడల్లా లోపలుండాలి. 2022 నాటి 'కాల్ ఆఫ్ డ్యూటీ: మోడర్న్ వార్‌ఫేర్ 2' పీఎస్5 డిస్కులో ఉన్నది సుమారు 70 ఎంబీ! మిగతాదంతా నెట్ నుంచే. ఫోన్ హాట్‌స్పాట్‌తో నెట్టుకొచ్చే ఇంట్లో ఆ రోజు డేటా హారతి కర్పూరమే. తొలి మోడల్‌పై 825 జీబీ అని రాసున్నా, గేమ్‌లకు మిగిలేది 667 జీబీయే. ఒక్కోటి వంద జీబీ తింటే ఆరింటితో సరి.

వాడిన డిస్కుతో పాటు బోనస్ కోడ్ వచ్చినా, పాత యజమాని వాడేసి ఉంటే ఇక పనిచేయదు. గీతలు నేను ట్యూబ్‌లైట్ కింద అటూఇటూ తిప్పి చూస్తాను. షాపతను విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి. తిరిగి అమ్ముకునే వీలు మాత్రం డిస్కుకే ఉంది, అందుకే నేనింకా అవే కొంటున్నాను.