తలకు దెబ్బ తగిలితే - ఇంటి దగ్గర వైద్యం

2024 సంక్రాంతి సెలవులకు ఊరు వెళ్ళాను. దొడ్లో గడ్డివామి వేస్తున్నారు. పైన గడ్డి సర్దుతున్న మా నాన్న కాలుజారి, కిందనున్న బండి నొగ మీద పడ్డాడు. ఒక నిమిషం ఉలుకూ పలుకూ లేదు. తర్వాత లేచి కూచుని "ఏం కాలేదురా, కాసిని మంచినీళ్ళియ్యండి" అన్నాడు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కాని అడిగిన మాటే మూడుసార్లు అడిగేసరికి నాకు భయం వేసి, బలవంతాన పట్నం తీసుకెళ్ళాను.

ఆస్పత్రిలో స్కాను తీసి, లోపల రక్తం చేరలేదన్నారు. సాయంత్రం ఇంటికి పంపుతూ డాక్టరుగారు "మిగతా వైద్యం మీదేనయ్యా" అన్నారు. ఆ వైద్యం ఏమిటో తోటి విద్యార్థులకు చెప్పాలనే ఈ వ్యాసం.

మెదడు బరువు సుమారు 1,400 గ్రాములు. అది పుర్రెలో ఒక ద్రవంలో తేలుతూ ఉంటుంది. మనం చదువుకున్న ఆర్కిమెడిస్ సూత్రం వల్లనే అందులో దాని బరువు సుమారు 50 గ్రాములే అనిపిస్తుంది. చిన్న కుదుపులకు ఇది చాలు. పెద్ద దెబ్బకు మాత్రం తల ఆగినా మెదడు ఆగదు, కుండలో పెరుగులా కదిలిపోతుంది. నాడీకణాల పని కొన్నాళ్ళు తారుమారవుతుంది. ఇది మామూలు స్కానులో కనబడదు. స్కాను బాగుందంటే దెబ్బే లేదని కాదన్నమాట.

రెండో ప్రమాదం నిదానంగా వచ్చేది. పుర్రె సాగని పెట్టె. లోపల నాళం చిట్లి రక్తం చేరితే మెదడు నొక్కుకుపోతుంది. చక్కగా మాట్లాడిన మనిషే కొన్ని గంటల్లో మగతలోకి జారవచ్చు. అంచేత మొదటి రోజు మనిషిని ఒంటరిగా వదలకూడదు. పెద్దవయసువారిలో, రక్తం పల్చబడే మందులు వాడేవారిలో కొన్ని వారాల తర్వాత కూడా ఈ ప్రమాదం బయటపడవచ్చు.

1974లో గ్లాస్గోలో టీస్‌డేల్, జెన్నెట్ అనే వైద్యులు కళ్ళు తెరవడం, మాట్లాడడం, కాళ్ళూచేతులు కదపడం - ఈ మూడింటినీ బట్టి స్పృహను అంచనా వేసే కొలత ఏర్పరచారు. మనం కనిపెట్టి చూడవలసిందీ ఈ మూడే. "నిద్రపోనివ్వకండి" అని పక్కింటి అవ్వ అన్నది గాని, నిద్ర మంచిదే. డాక్టరుగారు చెప్పినట్టు ఆ రాత్రి మధ్యమధ్య లేపి, మన ఎడ్ల పేర్లేమిటి నాన్నా అని అడిగాను. మూడోసారికి "పరీక్షలు నీకా, నాకా?" అని కసిరాడు. నాకు సంతోషమే అయింది!

తలనొప్పి ఎక్కువవుతున్నా, వాంతులు మళ్ళీ మళ్ళీ అవుతున్నా, లేపితే లేవకపోయినా, మాట తడబడినా, కాలో చెయ్యో పట్టు తప్పినా, ఫిట్సు వచ్చినా, ముక్కులోంచి గాని చెవిలోంచి గాని నీళ్ళలాంటిది కారినా వెంటనే 108కి ఫోను చెయ్యాలి. నొప్పికి డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ చాలు. ఆస్పిరిన్ వంటి మాత్రలు, నిద్రమాత్రలు సొంతంగా వేసుకోరాదు. మందు ముట్టరాదు.

ఇంతవరకూ బాగానే జరిగింది. నాలుగోనాడు తెల్లవారకముందే నాన్న మోటారు వెయ్యడానికి చేలోకి వెళ్ళి, గట్టు మీద కళ్ళు తిరిగి కూలబడ్డాడు. మళ్ళీ తల తగలకపోవడం మా అదృష్టం. నేను కోప్పడితే "నువ్వు పడుకోమంటావు, చేను ఎవడు చూస్తాడ్రా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. మర్నాటి నుంచి బాబాయి నీళ్ళు చూశాడు. నేను వారం రోజులు కాలేజీ మానుకుని పశువుల్ని చూశాను. అదీ జవాబు.

మొదటి రెండు రోజులు విశ్రాంతి, తర్వాత ఇంట్లో నడక, ఆపైన తేలిక పని. తలనొప్పో తిప్పో ఎక్కువైతే ఒక మెట్టు వెనక్కి తగ్గాలి. డాక్టరు సరేననేదాకా బండి నడపడం, చెట్టెక్కడం వద్దు. చాలామంది రెండు వారాల్లో తేరుకుంటారు. ఈలోగా చిరాకు, మతిమరుపు ఉంటే అది దెబ్బ గుణమే గాని మనిషి గుణం కాదు. మా అమ్మకు ఈ ఒక్క మాట చెప్పాక ఇంట్లో సగం పోట్లాటలు తగ్గాయి.

మిత్రులారా! కబడ్డీలో తల తగిలిన స్నేహితుణ్ణి "ఏం కాలేదులే" అని ఆ రోజే మళ్ళీ కోర్టులోకి దింపకండి. హాస్టలు గదిలో ఒంటరిగా వదలకండి. విశ్రాంతి తీసుకోమని చెప్పడం సులభం. అతని నోట్సు రాసిపెట్టి, భోజనం గదికి తెచ్చిపెట్టినప్పుడే అతనికి నిజంగా విశ్రాంతి దొరుకుతుంది.