ఫోన్ పెట్టేయడం అమర్యాద కాదు

మన ఇళ్లలో పెద్దలు ఫోన్ ఎత్తగానే సలామ్ చెబుతారు. అవతలి మనిషి మాట్లాడుతుండగా మధ్యలో పెట్టేయడానికి వారికి మనసొప్పదు. మోసగాళ్లకు ఇప్పుడు ఆ మర్యాదే దారి అవుతోంది.

మా బంధువుల్లో ఒక పెద్దావిడ ఉన్నారు. మేమంతా ఖాలా అంటాం. ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి. ఒకరోజు ఆమె పేరున వచ్చిన పార్సెల్‌లో మత్తుమందులు దొరికాయంటూ ఫోన్ వచ్చింది. కాసేపటికి వీడియో కాల్‌లో పోలీసు దుస్తుల్లో ఒకడు కనిపించాడు. తలుపు గడియ వేసుకోమన్నాడు, కెమెరా ఆపొద్దన్నాడు, కూతురికి చెబితే ఆమెనూ కేసులో ఇరికిస్తామన్నాడు. డబ్బు సంగతి ఆ తర్వాతే వచ్చింది. అసలు కీలకం ఇక్కడే ఉంది: ముందు మనిషిని ఇంట్లోవాళ్ల నుంచి విడదీస్తారు. ఉమ్రాకని దాచుకున్న సొమ్ము ‘తనిఖీ’ పేరుతో వెళ్లిపోయింది.

‘డిజిటల్ అరెస్ట్’ అనేది మన చట్టంలో ఎక్కడా లేదు. 2024 అక్టోబరు 27న ‘మన్ కీ బాత్’లో ప్రధానమంత్రి కూడా ఈ మాటే చెప్పారు. వీడియో కాల్‌లో అరెస్టు చేసే పోలీసు లేడు, డబ్బు పంపితే తనిఖీ చేసి తిరిగిచ్చే అధికారీ లేడు.

ఖాలా రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. పిల్లలు కోప్పడతారని, ఫోన్ లాక్కుంటారని భయం. నిజం చెప్పాలంటే, అంతకుముందు మేము ఆమె ఫోన్ వాడకం మీద వేసిన జోకులు తక్కువేమీ కాదు. ఆ రెండు రోజులే కొంప ముంచాయి. మోసపోయిన వెంటనే 1930కి ఫోన్ చేస్తే, డబ్బు చేరిన బ్యాంకుకు సమాచారం వెళ్తుంది. ఖాతాలో ఇంకా మిగిలి ఉంటే ఆపగలుగుతారు. ఆలస్యమైతే అది ఖాతా నుంచి ఖాతాకు మారి నగదైపోతుంది. cybercrime.gov.in అనే వెబ్‌సైటులోనూ ఫిర్యాదు చేయవచ్చు. ఓటీపీ చెప్పేసినవారు కూడా సిగ్గుపడి ఊరుకోకూడదు. బ్యాంకుకు తెలిపిన తర్వాత జరిగే నష్టం బ్యాంకే భరించాలని 2017లో రిజర్వు బ్యాంకు ఆదేశించింది.

దాతలుగా మనకు మరో ఉచ్చు ఉంది. రంజాన్ నెలలో ఆపరేషన్ బల్ల మీద ఉన్న పిల్లవాడి ఫోటో, కింద క్యూఆర్ కోడ్ వస్తాయి. స్కాన్ చేశాక తెరపై వచ్చే పేరు సంస్థదా, ఎవరో వ్యక్తిదా చూడండి. మీ దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకే ఫోన్ చేసి అడగండి; ఆ సందేశంలో ఇచ్చిన నంబరుకు కాదు. డబ్బు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు, పిన్ కొడితే మన డబ్బే పోతుంది. గల్ఫ్‌లో ఉన్న కొడుకు పేరుతో కొత్త నంబరు నుంచి డబ్బు అడిగితే, ఇంట్లోవాళ్లకే తెలిసిన సంగతి ఒకటి అడగండి.

ఈ జుమా నాడు భోజనాలయ్యాక అమ్మీ, అబ్బా దగ్గర పావుగంట కూర్చోండి. మీరే దొంగ పోలీసై మాట్లాడండి, వారి చేత ఫోన్ పెట్టించండి. మొదటిసారి నవ్వొస్తుంది, మూడోసారికి చెయ్యి అలవాటు పడుతుంది. ఏం జరిగినా తిట్టమని మాటివ్వండి.

ఖాలా ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద 1930 అని పెద్ద అక్షరాలతో ఒక కాగితం ఉంది. దాని కింద ఉర్దూలో ఆమే రాసుకున్నారు: ‘ముందు అమ్మాయికి ఫోన్.’